బేస్‌మెంట్ అంటే పైకా, కిందకా?

(నరసరావుపేటలో ఒక ఆదివారం సాయంత్రం, సివిల్ డిప్లొమా పిల్లలు, మేస్త్రీలు, ఇల్లు కట్టుకోబోతున్న కొందరు కలిసి కూర్చున్న సభలో ఒక డ్రాఫ్ట్స్‌మన్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని ఎక్కించాం.)

అందరికీ నమస్కారం. మేస్త్రీలు ముందు వరుసలో కూర్చున్నారు, పిల్లలు వెనక దాక్కున్నారు. ఇది తిరగబడాలి. పిల్లలూ, ముందుకి రండి. ఫోన్లు లోపల పెట్టి కాగితం, పెన్సిలు తీయండి. మేస్త్రి గారూ, మీరు మాత్రం కదలొద్దు. నేను తప్పు చెప్తే పట్టుకోవడానికి ఒకరుండాలి కదా.

కంప్యూటర్‌లో ఇల్లు గీయడం గురించి చెప్పమన్నారు. గోడలు, ఫ్లోర్లు, పునాది. ముందు ఒక కథ చెప్తాను. మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. వాళ్ల నాన్నకి, అంటే మా బావగారికి, ఇక్కడ ఊరి చివర ఐదు సెంట్ల స్థలం ఉంది. "ప్లాను నేనే వేస్తా మావయ్యా, నువ్వు చూసిపెట్టు చాలు" అన్నాడు. వేశాడు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో బొమ్మలు పంపాడు. బ్రహ్మాండంగా ఉన్నాయి. సోఫాలు, కర్టెన్లు, బయట చెట్టు, చెట్టు కింద కుక్క. అన్నీ చూస్తూ వచ్చాను. చివరి బొమ్మలో నేల కింద ఒక గది ఉంది. ఎత్తు మూడడుగులు. అందులోకి దిగడానికి మెట్లు కూడా పెట్టాడు.

ఫోన్ చేసి "ఇదేంట్రా, కోళ్ల గూడా?" అన్నాను. "నాన్న చెప్పారు మావయ్యా, బేస్‌మెంట్ మూడడుగులు ఉండాలని" అన్నాడు.

నవ్వకండి. తప్పు ఎవరిది? మా బావగారిదా? ఆయన అన్నది మనందరం అనే మాటే. రోడ్డు మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా లేపిన ఎత్తుని మనం బేస్‌మెంట్ అంటాం. "బేస్‌మెంట్ లేపారా? మట్టి పోశారా? తడిపారా?" ఇవీ మన మాటలు. అమెరికాలో ఆ మాటకి అర్థం నేల కింద గది. దాన్ని మనం సెల్లార్ అంటాం. పిల్లవాడు మెనూలో బేస్‌మెంట్ అని ఉన్నదాన్ని నొక్కాడు, మూడడుగులని కొట్టాడు. సాఫ్ట్‌వేర్ దానికి తెలిసింది అది చేసింది. మన భాషలో పైకి లేచేది దాని భాషలో కిందకి దిగింది.

ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నది ఇంచుమించు ఇందులోనే ఉంది. ఈ సాఫ్ట్‌వేర్లు మంచివే. నేను రోజూ వాడతాను, అన్నం పెడుతున్నాయి. కానీ వాటి కడుపులో ఒక ఇల్లు ముందే ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే ఆ ఇల్లే బయటికి వస్తుంది. అది మన ఇల్లు కాదు. ఇంకోటి, మనం ఇల్లు కింద నుంచి పైకి కడతాం. ముందు గొయ్యి, తర్వాత ఫుటింగు, అంటే పిల్లరు కింద వేసే కాంక్రీటు పాదం, దాని మీద పిల్లరు, పిల్లర్లని కింద కలిపే ప్లింత్ బీము, ఆ తర్వాతే గోడ. సాఫ్ట్‌వేర్‌లో మొదట గోడ గీస్తాం, తర్వాత అంతస్తు, అన్నీ అయ్యాక గుర్తొస్తే పునాది. ఆ వరస తిరగబడటంలోనే సగం తప్పులు పుడతాయి.

గోడ

పిల్లలూ, పెన్సిలుతో ఒక గీత గీయండి. గీశారా? దాని మందం ఎంత? లేదు కదా. కాగితం మీద గీతకి మందం లేదు, కానీ గోడకి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో మౌస్ రెండు చోట్ల నొక్కితే గోడ వస్తుంది. ఎంత మందంతో వస్తుంది? అది మీరు చెప్పారా, అదే అనుకుందా? ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. నాకూ తగిలింది.

స్వీట్ హోమ్ త్రీడీ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2006లో ఎమాన్యుయేల్ ప్యూబరే అనే ఫ్రాన్స్ ఆయన మొదలుపెట్టాడు. చాలా తేలిక. ఇల్లు కట్టుకునేవాళ్లు సొంతంగా నేర్చుకోవడానికి నేను దాన్నే చెప్తాను. కొత్త ఫైల్ తెరిచి మీరేమీ మార్చకుండా గోడ గీస్తే ఏడున్నర సెంటీమీటర్ల మందంతో వస్తుంది. అంటే మూడంగుళాలు. మేస్త్రి గారూ, మూడంగుళాల గోడ ఎప్పుడైనా కట్టారా? ఇటుకని నిలబెట్టి కడితే వస్తుందంటున్నారు. గూట్లో అడ్డానికి పనికొస్తుందట. సరే.

నేను పని మొదలుపెట్టిన కొత్తలో మా బాబాయి ఇంటికి ప్లాను వేశాను. 30 అడుగుల వెడల్పు స్థలం. రెండు వైపులా మూడేసి అడుగులు వదిలేస్తే 24 అడుగుల ఇల్లు. ఆ 24 అడుగుల్లో వరుసగా ఒక బెడ్రూము, ఒక బాత్రూము, ఇంకో బెడ్రూము. అడ్డంగా చూస్తే ఎన్ని గోడలు? నాలుగు. బయటివి రెండు, మధ్యలోవి రెండు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మూడంగుళాల మందాన్ని నేను చూసుకోలేదు. నాలుగు మూళ్లు పన్నెండు, ఒక అడుగు. మిగిలిన 23 అడుగుల్లో పది, నాలుగు, తొమ్మిది. లెక్క అందంగా కుదిరింది. ప్రింటు తీసి ఇచ్చాను. బాబాయి దాన్ని దేవుడి గదిలో పెట్టుకున్నాడు.

మేస్త్రి వచ్చాడు. అన్నీ తొమ్మిదంగుళాల గోడలే. నాలుగు తొమ్మిదులు ముప్పై ఆరు, మూడడుగులు. ఇరవై నాలుగులో మూడు పోతే ఇరవై ఒకటి. రెండడుగులు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు, అవి అసలు లేవు. నేను లేని రెండడుగుల్ని గదులకి పంచేశాను. బాత్రూం నాలుగడుగులే, దాన్ని ఇంకా తగ్గించలేం. అందుకని రెండు బెడ్రూముల్లో చెరొక అడుగు కోశాం. తొమ్మిదడుగుల గది ఎనిమిదైంది. దానికి రెండు వైపులా అరంగుళం చొప్పున ప్లాస్టరింగు. ఏడడుగుల పదకొండు అంగుళాలు మిగిలింది. నేషనల్ బిల్డింగ్ కోడ్ అని దేశమంతటికీ రాసిన కట్టడాల నియమాలున్నాయి, దాని ప్రకారం ఇంట్లో ఉండే గది ఒక్కటే అయితే దానికి కనీస వెడల్పు 2.4 మీటర్లు. అంటే ఏడడుగుల పదిన్నర అంగుళాలు. ఆ లెక్కన చూసినా అరంగుళంలో బయటపడ్డాం. అందులో ఆరున్నర అడుగుల మంచం అడ్డంగా వేస్తే నడవడానికి మిగిలేది పదిహేడు అంగుళాలు. మా పిన్ని ఇప్పటికీ ఆ గదిలోకి వెళ్లేటప్పుడు పక్కకి తిరిగి వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ నా వైపు ఒక చూపు చూస్తుంది.

అందుకని ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా, గీత గీయకముందే సెట్టింగుల్లోకి వెళ్లి మందం మార్చండి. బయటి గోడ తొమ్మిది, అంటే 230 మిల్లీమీటర్లు. లోపలి పార్టిషన్ నాలుగున్నర, అంటే 115. తేలిక దిమ్మెలు, ఏఏసీ బ్లాకులు వాడుతున్నారనుకోండి, అవి 100, 150, 200 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి. అప్పుడు తొమ్మిది కాదు, ఎనిమిదవుతుంది. దేంతో కట్టబోతున్నారో తెలియకుండా గోడ గీయకూడదు. అమెరికా సాఫ్ట్‌వేర్లలో గోడ తీసి చూస్తే మధ్యలో చెక్క నిలువులు కనపడతాయి, పదహారు అంగుళాలకి ఒకటి. వాళ్ల ఇళ్లు అలాగే కడతారు. తప్పేం లేదు. కానీ ఆ గోడకి మన మేస్త్రి ఇటుకల లెక్క ఎలా వేస్తాడు?

మందం మార్చారు. అయిపోయిందా? లేదు. మీరు నొక్కిన చుక్క గోడకి ఎక్కడ ఉంది? బయటి అంచునా, లోపలి అంచునా, మధ్యలోనా? చాలామంది ఈ ప్రశ్నే వేసుకోరు. స్వీట్ హోమ్‌లో చుక్క గోడ మధ్యలో పడుతుంది. మీరు 24 అడుగుల గీత గీశారంటే అది గోడ మధ్య నుంచి గోడ మధ్యకి. బయటి నుంచి బయటికి కొలిస్తే 24 అడుగుల 9 అంగుళాలు. అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర, మీరు వదలాల్సిన ఖాళీలోకి జరిగారు. పర్మిషన్‌కి పెట్టేటప్పుడు మూడడుగులు వదిలామని రాస్తారు, స్థలంలో రెండడుగుల ఏడున్నర అంగుళాలే ఉంటుంది. ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు వాడే రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే గోడ గీసే ముందు అదే అడుగుతుంది, ఏ గీత మీద గీయమంటావని. ఆరు రకాలున్నాయి. మధ్యగీత, బయటి ముఖం, లోపలి ముఖం, ప్లాస్టరింగు వదిలేసి ఇటుక వరకు మధ్యగీత, అలా. గోడ తిరగబడిందనుకోండి, స్పేస్ బార్ నొక్కితే లోపలిది బయటికి వస్తుంది. పిల్లలకి ఆ ఆరూ చూస్తే టెన్షన్. మేస్త్రీలకి అసలు ప్రశ్నే కాదు. మేస్త్రి గారూ, మీరు తాడు ఎక్కడ కడతారు? సెంటర్ లైన్ మీద. విన్నారా? పిల్లరు సెంటరూ అదే, ఫుటింగు సెంటరూ అదే. అందుకని నేను రెండు పనులు చేస్తాను. ముందు స్థలం గీసి, వదలాల్సింది వదిలి, ఇంటి బయటి గీత పెడతాను. దాని నుంచి నాలుగున్నర అంగుళాలు లోపలికి జరిగి సెంటర్ గీత గీస్తాను. గోడ ఆ సెంటర్ గీత మీద వస్తుంది. అప్పుడు నా కంప్యూటరూ మేస్త్రి తాడూ ఒకటే మాట మాట్లాడతాయి.

ఇంకో చిన్న సంగతి. గోడలన్నీ గీశాక గది మధ్యలో రెండుసార్లు నొక్కితే గది నిండి, లోపల చదరపు కొలత వస్తుంది. కొన్నిసార్లు ఎంత నొక్కినా రాదు. పిల్లలు సాఫ్ట్‌వేర్ పాడైందంటారు. పాడవలేదు. ఎక్కడో ఒక మూల రెండు గోడలు కలవలేదు, సందు ఉంది. బాగా దగ్గరికి తెచ్చి ప్రతి మూలా చూడండి, దొరుకుతుంది. మా అమ్మ ముగ్గు వేసేటప్పుడు చివరి గీత కలవకపోతే లక్ష్మి లోపలికి రాదనేది. ఇక్కడ చదరపు అడుగులు రావు, అంతే తేడా.

ఫ్లోర్

ఇంగ్లీషులో ఫ్లోర్ అనే ఒక్క మాటతో మూడు పనులు చేస్తారు. మనకి మూడు మాటలున్నాయి. అంతస్తు, శ్లాబు, గచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఫ్లోర్ అని కనపడగానే ఈ మూడింటిలో ఏదో ముందు తేల్చుకోండి. స్వీట్ హోమ్‌లో మీరు గది నింపినప్పుడు వచ్చేది గచ్చు. టైల్స్ బొమ్మ అంటించిన పల్చటి పొర. శ్లాబు మందం అక్కడ ఉండదు, అది అంతస్తు సెట్టింగుల్లో వేరే ఉంటుంది. రెవిట్‌లో అన్నీ ఒకదాని మీద ఒకటి పొరలుగా పెట్టొచ్చు. కింద ఐదంగుళాల కాంక్రీటు, పైన సిమెంటు బెడ్డింగు, ఆ పైన మన మాచర్ల నాపరాయో, గ్రానైటో.

నంబర్ల దగ్గర కూడా జాగ్రత్త. అమెరికావాళ్లకి ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల మీదది. చీఫ్ ఆర్కిటెక్ట్ లాంటి అక్కడి సాఫ్ట్‌వేర్లలో ఒకటో ఫ్లోర్ అంటే మన గ్రౌండ్ ఫ్లోర్. సున్నా ఫ్లోర్ అంటే పునాది. మనం ఫస్ట్ ఫ్లోర్ అనేది వాళ్ల రెండోది. ఇది తెలియక ఒకాయన అద్దెకి ఇవ్వాల్సిన పోర్షన్‌ని కిందకి, తనుండాల్సింది పైకి గీయించుకున్నాడు. కాగితం మీదే దొరికింది కాబట్టి సరిపోయింది.

ఎత్తు సంగతి. స్వీట్ హోమ్‌లో మార్చకపోతే గోడ ఎత్తు రెండున్నర మీటర్లు, ఎనిమిదడుగుల రెండంగుళాలు. బిల్డింగ్ కోడ్ గదికి అడిగే కనీసం 2.75 మీటర్లు, అంటే తొమ్మిదడుగులు. మన ఎండలకి మనం పదడుగులు పెడతాం. ఎనిమిదడుగుల గదిలో ఫ్యాన్ బిగిస్తే పొడుగువాడు చొక్కా విప్పలేడు.

ఇప్పుడు మెట్ల దగ్గరికి రండి. ఇది పెన్సిలుతో రాసుకోండి. గోడ పదడుగులు పెట్టారు, 120 అంగుళాలు. మెట్టు ఆరంగుళాలు. నూట ఇరవైని ఆరుతో భాగిస్తే ఇరవై మెట్లు. సరిపోయింది కదా? సరిపోలేదు. మీరు ఎక్కాల్సింది గోడ పైదాకా కాదు, శ్లాబు పైదాకా. శ్లాబు ఐదంగుళాలు. మొత్తం 125. ఇరవై మెట్లు ఆరేసి అంగుళాలతో కట్టుకుంటూ వెళ్తే చివరి మెట్టు ఎంతవుతుంది? పదకొండు అంగుళాలు. ఇంట్లో ముసలివాళ్లుంటే ఆ చివరి మెట్టు దగ్గర ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. బొమ్మలో అది కనపడదు. మెట్ల బొమ్మ తెచ్చి పెడితే అది సాగిపోయి పైదాకా ఆనుతుంది, చూడటానికి చక్కగా ఉంటుంది. సరైన లెక్క ఇరవై ఒక్క మెట్లు, ఒక్కోటి ఆరంగుళాలకి వెంట్రుకవాసి తక్కువ. మెట్టు పెరిగితే పొడవు కూడా పెరుగుతుంది, ఇంకో పది అంగుళాలు కావాలి. ఆ పది అంగుళాలు హాల్లోంచి రావాలి. చూశారా, శ్లాబు మందం మర్చిపోతే హాలు తగ్గింది.

పై అంతస్తు గీసేటప్పుడు కింది గోడలు లేత రంగులో కనపడతాయి. అవి అలంకారానికి కాదు. పై గోడ దేనిమీద కూర్చుంటుందో చూసుకోవడానికి. ఒక అమ్మగారు పైన గది పెద్దది చేయమన్నారు. మౌస్‌తో పట్టుకుని గోడని మూడడుగులు జరిపాం. ఎంతసేపు? రెండు సెకన్లు. ఇప్పుడా గోడ కింద బీము లేదు, వట్టి శ్లాబు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తుంటే, ఒక్క అడుగు పొడవుకి ఎంత బరువో తెలుసా? సుమారు నాలుగు వందల కిలోలు. పదడుగుల గోడ అంటే నాలుగు టన్నులు. నాలుగు కార్లు వరసగా తెచ్చి శ్లాబు మధ్యలో పార్కు చేసినట్టు. సాఫ్ట్‌వేర్ ఏమైనా అందా? కిమ్మనలేదు. ఇంటి బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్‌కి బరువు తెలియదు. బరువు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్లు వేరే, వాటిని నడిపే స్ట్రక్చరల్ ఇంజనీర్లు వేరే. బొమ్మలో నిలబడింది కదా అని ఇంట్లో నిలబడదు.

పునాది

చీఫ్ ఆర్కిటెక్ట్‌లో ఒక మీట ఉంది. పై గోడలన్నీ గీశాక "పునాది కట్టు" అంటే చాలు, క్షణంలో కట్టేస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఏం కడుతుంది? ప్రతి బయటి గోడ కిందా గోడ పొడవునా కాంక్రీటు పట్టీ, దాని మీద పొట్టి గోడ. అమెరికావాళ్ల ఇంటి బరువంతా గోడల మీదుగా దిగుతుంది, అందుకని గోడ పొడవునా పునాది. మన తాతల కాలం ఇళ్లూ అంతే కదా. రెండడుగుల వెడల్పు కందకం తవ్వి కొండరాయితో కట్టుకొచ్చేవారు. ఇప్పుడు మనం కట్టేది పిల్లర్ల ఇల్లు. బరువు శ్లాబు నుంచి బీముకి, బీము నుంచి పిల్లరుకి, పిల్లరు నుంచి ఫుటింగుకి. గోడ కేవలం అడ్డు. గోడల్ని బట్టి పునాది కట్టే మీట మన పిల్లర్ల ఇంటికి ఎలా పనికొస్తుంది? అందుకే గోడలకంటే ముందు పిల్లర్లు పెట్టండి అంటాను. పది, పన్నెండు అడుగుల దూరంలో పిల్లర్ల సెంటర్లు వేసుకుని, గోడల్ని వాటి మధ్య కట్టండి. గది ఆకారం కూడా బాగుపడుతుంది.

స్వీట్ హోమ్‌లో అసలు పునాది మీటే లేదు. నేనేం చేస్తానంటే, కింద ఒక అంతస్తు తెరిచి దాని మట్టాన్ని సున్నా కంటే ఐదడుగులు కిందకి పెడతాను. అందులో దీర్ఘ చతురస్రపు పెట్టెలతో ఫుటింగులు, వాటి మీద పిల్లర్లు. గ్రౌండ్ ఫ్లోరు మట్టాన్ని సున్నా నుంచి పైకి లేపుతాను. అదీ మన బేస్‌మెంట్. కోడ్ ప్రకారం చుట్టూ ఉన్న నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు, అడుగున్నర ఉండాలి. నేనైతే మూడంటాను. ఎందుకు? రోడ్డు ఆగుతుందా? సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోతారు. ఇరవై ఏళ్ల కింద రెండు మెట్లెక్కి లోపలికి వెళ్లిన ఇళ్లలోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. సాఫ్ట్‌వేర్‌లో నేల ఆకుపచ్చగా, పళ్లెంలా, ఎప్పటికీ సున్నా దగ్గరే ఉంటుంది. మీ స్థలం అలా లేదు. రోడ్డు నడిమధ్య ఎంత ఎత్తుందో కొలిచి, అక్కడి నుంచి లెక్కపెట్టండి.

ఇక ఫుటింగు ఎంత పెద్దది పెట్టాలి? పిల్లలు అడిగేది ఇదే. "సార్, నాలుగు బై నాలుగు పెట్టనా, ఐదు బై ఐదు పెట్టనా?" ఆ ప్రశ్న నన్ను కాదు, మట్టిని అడగాలి. మాట వరసకి ఒక పిల్లరు మీద నలభై టన్నుల బరువుందనుకోండి. ఫుటింగు సొంత బరువుకి ఇంకో పదో వంతు కలిపితే నలభై నాలుగు. మీ నేల చదరపు మీటరుకి ఇరవై టన్నులు మోస్తుందనుకోండి. నలభై నాలుగుని ఇరవైతో భాగిస్తే 2.2 చదరపు మీటర్లు. మీటరున్నర బై మీటరున్నర, ఐదడుగుల చతురస్రం. అదే బొమ్మ, అవే గోడలు, అదే పిల్లరు, కానీ నేల పది టన్నులే మోస్తుందట. అప్పుడు 4.4 చదరపు మీటర్లు. ఏడడుగుల చతురస్రం. కంప్యూటర్ తెర మీద ఏమీ మారలేదు. మారిందల్లా మట్టి.

ఏడడుగుల ఫుటింగుని ఇందాకటి మా బాబాయి ఇంట్లో పెట్టి చూడండి. హద్దు నుంచి మూడడుగులు వదిలాం. దానికి ఇంకో నాలుగున్నర అంగుళాలు కలిపితే గోడ సెంటరు. పిల్లరు సెంటరు అదే. ఏడడుగుల్లో సగం మూడున్నర. ఎంత దాటింది? ఒకటిన్నర అంగుళం, పక్కింటాయన స్థలంలోకి. పైకి చూస్తే ఇల్లు మూడడుగులు లోపలే ఉంది, మర్యాదగా ఉంది. నేల కింద మాత్రం కాలు చాపింది. పైన గోడ గీసిన రోజే కింద ఫుటింగు గీసుకుని ఉంటే ఇది తెర మీదే దొరికేది. ఇంజనీరు చతురస్రం బదులు దీర్ఘ చతురస్రమో, రెండు పిల్లర్లకి కలిపి ఒకటో ఇచ్చేవాడు. గొయ్యి తవ్వాక తెలిస్తే పక్కింటాయన కర్ర పట్టుకుని వస్తాడు.

మన పల్నాడులో ఇంకో చిక్కుంది. నల్లరేగడి. ఎండాకాలం పొలంలో పగుళ్లు చూశారు కదా, చెయ్యి దూరుతుంది. వానాకాలం ఉబ్బి అవన్నీ మూసుకుపోతాయి. ఆ నేల మీద ఇల్లు పెడితే, ఏడాదికోసారి ఎవరో కింద నుంచి భుజం పెట్టి లేపి దింపుతున్నట్టు. అందుకే కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగుళ్లు. ఈ నేలకి రూర్కీలో ఉన్న కేంద్ర భవన పరిశోధన సంస్థవాళ్లు అండర్ రీమ్డ్ పైల్ అని ఒకటి తయారుచేశారు. నేలలోకి సన్నటి గుండ్రటి రంధ్రం, కింద మాత్రం కుండలా వెడల్పు. ఆ కుండ వెడల్పు మామూలుగా రంధ్రానికి రెండున్నర రెట్లు. లోతైన రేగడిలో కనీసం మూడున్నర మీటర్లు దింపుతారు, ఎండావానల ప్రభావం తగలని చోటిదాకా. పైన బీము వేసేటప్పుడు దాని కింద మట్టి తగలకుండా సందు వదులుతారు. మట్టి ఉబ్బితే ఆ సందులో ఉబ్బుతుంది, బీముని నెట్టదు. ఇంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ మెనూల్లో నాకైతే ఇది ఎక్కడా కనపడలేదు.

తమాషా ఏమిటంటే, డల్లాస్ చుట్టుపక్కల ఉన్నదీ ఇలాంటి నల్లమట్టే. శాస్త్రం ప్రకారం మనదీ వాళ్లదీ ఒకే జాతి నేల. అందుకే అక్కడ నేల కింద గదులు అరుదు. కాంక్రీటు పలక పోసి, లోపల తీగల్ని బిగించి లాగి, దాని మీద ఇల్లు నిలబెడతారు. మా మేనల్లుణ్ణి అడిగాను, "నీ ఇంటికి బేస్‌మెంట్ ఉందిరా?" అని. "లేదు మావయ్యా, ఇక్కడ ఎవరికీ ఉండదు" అన్నాడు. "ఎందుకుండదు?" అన్నాను. తెలీదన్నాడు. తన కాళ్ల కింద ఉన్న మట్టే తన తండ్రి స్థలంలోనూ ఉందని చెప్తే కాసేపు మాట్లాడలేదు.

ఇందాక ఒకమ్మాయి అడిగింది, పాత ప్లాను ఫోటో తీసి దాని మీద గీయొచ్చా అని. గీయొచ్చమ్మా. ఫోటోని అడుగున పెట్టి, తెలిసిన ఒక కొలత మీద గీత లాగి ఇది ఇన్ని అడుగులని చెప్తే మిగతాదంతా ఆ లెక్కకి వస్తుంది. కానీ ఫోన్ కొంచెం వంచి తీశారంటే వెడల్పు సరిగ్గా వచ్చి పొడవు తప్పుతుంది. అందుకని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు కొలతలూ సరిచూడు. కుదిరితే జిరాక్స్ షాపులో స్కాన్ చేయించు.

ఇంకొకాయన అడిగారు, సాఫ్ట్‌వేర్‌లో మూలలన్నీ తొంభై డిగ్రీలు వస్తున్నాయి, స్థలంలో రావట్లేదు అని. రావు సార్. 30 బై 40 స్థలం నిజంగా మూలమట్టంగా ఉంటే క్రాస్ కొలత, అంటే మూల నుంచి ఎదురు మూలకి, రెండు వైపులా సరిగ్గా యాభై అడుగులు రావాలి. వెళ్లి టేపు పట్టండి. మొన్న నేను పట్టిన స్థలంలో ఒకటి యాభై, రెండోది నలభై తొమ్మిది అడుగుల మూడంగుళాలు. మౌస్ తిన్నగా లాగుతుంది కదా అని ఆ స్థలాన్ని దీర్ఘ చతురస్రంగా గీస్తే, ఇంటి ఒక మూల ప్రహరీలోకి వెళ్లిపోతుంది. ముందు నాలుగు వైపులూ, ఒక క్రాసూ కొలిచి స్థలాన్ని ఉన్నది ఉన్నట్టు గీయండి. ఇల్లు అందులో మూలమట్టంగా పెట్టుకోండి. మిగిలిన వంకర ఈశాన్యంలో పెరిగిందా, ఆగ్నేయంలో పెరిగిందా అన్నది మీరూ మీ సిద్ధాంతిగారూ చూసుకోండి, నన్ను లాగొద్దు.

టీ వచ్చినట్టుంది. పిల్లలూ, రేపు ఉదయం ఆరున్నరకి మేస్త్రి గారు మా బావగారి స్థలంలోనే ముగ్గు పోస్తున్నారు. మేకులు, తాడు, టేపు, సున్నం అన్నీ ఉన్నాయి. తాడు అటు చివర పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ప్లాను ప్రింటు నేను తెస్తాను. చెప్పులు కాదు, బూట్లు వేసుకురండి, రాత్రి వాన పడేలా ఉంది. రేగడి ఊడలాగేస్తుంది.